బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ల ఎపిడెమియాలజీలో పరిశోధన: తరచుగా అడిగే ప్రశ్నలు

జబ్బులు ఎవరికి, ఎప్పుడు, ఎందుకు వస్తాయో లెక్కలతో వెతికే ఈ రంగంలోకి (ఎపిడెమియాలజీ) రావాలనుకునే విద్యార్థులు, జూనియర్ డాక్టర్లు, ఇప్పటికే చేరి సతమతమవుతున్నవాళ్లు నన్ను అడిగే సందేహాలు ఏళ్ల తరబడి దాదాపు అవే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేటప్పుడు ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, వరుసగా చదవాల్సిన పనిలేదు.

## చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

మీరు రోజంతా మైక్రోస్కోపులో చూస్తూ ఉంటారా? అసలు మీ పనేంటి?

మైక్రోస్కోపు ముందు కూర్చునేది తక్కువే. ఎక్కువ సమయం లైన్ లిస్ట్ ముందు గడుస్తుంది. అందులో ఒక్కో వరుస ఒక్కో మనిషి: వయసు, జ్వరం ఏ రోజు మొదలైంది, ఏ వార్డు, ఏ బెడ్, రక్తం కల్చర్‌లో (శాంపిల్‌లోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూసే పరీక్ష) ఏం పెరిగింది, అది ఏ మందుకు లొంగింది, చివరికి మనిషి ఇంటికి వెళ్లారా లేదా. ఈ జబ్బు ఎవరికి వచ్చింది, ఎప్పుడు వచ్చింది, పక్క బెడ్‌లో ఉన్నవాళ్లకు ఎందుకు రాలేదు అన్నవే మా ప్రశ్నలు. జవాబు కోసం ఒకరోజు నర్సులతో మాట్లాడతాం, ఒకరోజు ల్యాబులో ప్లేట్లు చూస్తాం, నాలుగు రోజులు డేటా శుభ్రం చేస్తాం. ఆ నాలుగు రోజుల పని నచ్చకపోతే ఇక్కడ ఇమడటం కష్టమని ముందే చెప్పేస్తుంటాను.

జబ్బు నయం చేయడానికి డాక్టరున్నారు, సూక్ష్మజీవిని పట్టుకోవడానికి మైక్రోబయాలజిస్టున్నారు. మరి ఎపిడెమియాలజిస్టు ఎందుకు?

1854లో లండన్‌లో కలరా ప్రబలినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు చనిపోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి నీళ్లు ఎక్కడ పట్టుకునేవాళ్లని అడిగాడు. అలా బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక పంపు దగ్గర తేలాడు. కలరాను కలిగించే జీవి ఏదో మాత్రం ఆయనకు తెలియదు. అదే ఏడాది ఫ్లోరెన్స్‌లో ఫిలిప్పో పచీనీ కలరాతో చనిపోయినవాళ్ల పేగుల్లో ఆ బ్యాక్టీరియాను మైక్రోస్కోపులో చూసి, రాసి, ప్రచురించాడు. ఆయన మాటను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1884లో రాబర్ట్ కోచ్ ఆ బ్యాక్టీరియాను విడిగా పెంచి చూపేసరికి 30 ఏళ్లు గడిచిపోయాయి. లండన్ దగ్గర లెక్క ఉంది, జీవి లేదు. ఫ్లోరెన్స్ దగ్గర జీవి ఉంది, లెక్క లేదు. ఆ రెండింటినీ ఒకే బల్ల మీదికి తేవడమే మా ఉద్యోగం.

యాంటీబయాటిక్స్ వచ్చాయి, టీకాలు వచ్చాయి. ఇంకా కనిపెట్టడానికి ఏం మిగిలింది?

2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా కారణమైన మరణాలు ప్రపంచం మొత్తం మీద సుమారు 12.7 లక్షలని 2022లో వెలువడిన అంచనా చెప్పింది. మందులకు లొంగని ఇన్ఫెక్షన్‌తో ఏదో ఒక రకంగా ముడిపడ్డ మరణాలు 49.5 లక్షలు. ఈ రెండు అంకెలకు తేడా ఏంటో అర్థం చేసుకోవడమే మంచి మొదటి పాఠం. మొదటిది, అదే ఇన్ఫెక్షన్ మందుకు లొంగేదైతే ఆ మనిషి బతికేవారా అని అడుగుతుంది. రెండోది, అసలు ఆ ఇన్ఫెక్షనే లేకపోతే బతికేవారా అని అడుగుతుంది. పేపర్లలో, ప్రసంగాల్లో ఈ రెండూ కలిసిపోతుంటాయి, చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

మిగిలిన పని గురించి అడిగితే: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో సవరించిన ప్రాధాన్య జాబితాలోనే 24 రకాల బ్యాక్టీరియా ఉన్నాయి. వాటిలో చాలావాటి విషయంలో నిజంగా ఎంతమందికి సోకుతోందో కూడా సరిగ్గా లెక్క లేదు, ఎందుకంటే కల్చర్ చేసే ల్యాబు లేనిచోట కేసు నమోదే కాదు.

## చదువు, మొదటి రోజులు

డాక్టరు డిగ్రీ లేకుండా ఈ పరిశోధనలోకి రావచ్చా?

రావచ్చు. మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్, పశువైద్యం, నర్సింగ్, ఏదైనా చదివి ఆపైన ప్రజారోగ్యంలోనో ఎపిడెమియాలజీలోనో మాస్టర్స్ చేసి వచ్చినవాళ్లు ప్రతి టీమ్‌లోనూ ఉంటారు. డాక్టరు డిగ్రీ ఉంటే రోగిని స్వయంగా పరీక్షించే అధికారం, వార్డులో తేలిగ్గా దొరికే గౌరవం ఉంటాయి. మిగతాదంతా నేర్చుకుంటే వచ్చేదే.

ఆలిస్ ఎవాన్స్ పేరు గుర్తుపెట్టుకోండి. ఆమెకు వైద్య డిగ్రీ లేదు, డాక్టరేట్ కూడా లేదు. పశువుల్లో గర్భస్రావం కలిగించే బ్యాక్టీరియా, మనుషుల్లో మాల్టా జ్వరం తెచ్చే బ్యాక్టీరియా దగ్గరి చుట్టాలని, పచ్చి పాలు తాగడం ప్రమాదమని 1918లో ప్రచురించారు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కొట్టిపారేశారు. తర్వాత ఇతరులు చేసిన పని ఆమె మాటనే నిలబెట్టింది. 1928లో అమెరికా బ్యాక్టీరియాలజిస్టుల సంఘానికి అధ్యక్షురాలైన మొదటి మహిళ ఆమే. తాను చదువుతున్న జబ్బే ల్యాబులో ఆమెకు సోకి, ఏళ్ల తరబడి పీడించింది.

స్టాటిస్టిక్స్ అంటే టెన్షన్. గణితం ఎంత రావాలి?

మొదట్లో భాగహారం వస్తే చాలు, కానీ కింద ఏ సంఖ్య వేయాలో తెలియాలి. ఒక వార్డులో నెలకు 12 ఇన్ఫెక్షన్లు, ఇంకో వార్డులో 6 అనుకోండి. మొదటి వార్డు ఇన్‌చార్జి మీద అందరూ విరుచుకుపడతారు. కానీ మొదటి వార్డులో రోగులు గడిపిన రోజులన్నీ కలిపితే 4,000, రెండో దాంట్లో 1,000. అంటే వెయ్యి రోజులకు మొదటి చోట 3, రెండో చోట 6. చిక్కు రెండో వార్డులో ఉంది. మా రంగంలో తిట్లు, పొగడ్తలు సగం ఈ కింది సంఖ్య తెలియకుండానే పంచుతుంటారు.

ఆ తర్వాత రిస్క్, రేట్, ఆడ్స్ మధ్య తేడా, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (మన అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే హద్దులు) చదవడం, ఒక కారణం చాటున ఇంకో కారణం దాక్కుంటే దాన్ని విడదీయడం నేర్చుకోవాలి. ఆర్ గానీ పైథాన్ గానీ, ఈ ప్రోగ్రామింగ్ భాషల్లో ఒకటి బాగా పట్టుకోండి. స్ప్రెడ్‌షీట్‌లో చేత్తో చేసిన మార్పు ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారో తర్వాత తెలియదు. కోడ్‌లో చేస్తే తెలుస్తుంది.

నేను డేటా మనిషిని. ల్యాబులో కూడా పనిచేయాలా?

కనీసం మూడు నెలలు చేయండి. మెకాంకీ ప్లేటు (బ్యాక్టీరియాను పెంచే ఒక రకం పళ్లెం) మీద ఈ.కోలై గులాబీ రంగు కాలనీలుగా, సాల్మొనెల్లా రంగు లేకుండా పెరగడం మీ కళ్లతో చూడాలి. రక్తం తీసేటప్పుడు చర్మం మీది స్టెఫలోకాకస్ సూది వెంట సీసాలోకి ఎలా వచ్చేస్తుందో చూడాలి. అది రెండు సీసాల్లో ఒక్కదాంట్లోనే పెరిగితే టెక్నీషియన్ ఎందుకు అనుమానంగా తల ఊపుతారో పక్కన నిలబడి చూస్తేనే అర్థమవుతుంది. మీ డేటాలో 'పాజిటివ్' అన్న ఒక్క మాట వెనక ఇంత నిర్ణయం ఉంటుంది. ఇది తెలియనివాళ్లు చర్మం మీది బ్యాక్టీరియాను కూడా ప్రాణాంతక ఇన్ఫెక్షన్‌గా లెక్కేసేస్తారు.

పీహెచ్‌డీ గైడును ఎలా ఎంచుకోవాలి?

వాళ్ల దగ్గర చదువు పూర్తిచేసినవాళ్లతో, మధ్యలో మానేసినవాళ్లతో కూడా మాట్లాడండి. పేపర్ల సంఖ్య కంటే, విద్యార్థి పేరు మొదట ఉన్న పేపర్లు ఎన్నో చూడండి. డేటా ఇప్పటికే చేతిలో ఉందా, మీరు వచ్చాక మొదలుపెట్టి సేకరించాలా అని సూటిగా అడగండి. ఎథిక్స్ కమిటీ అనుమతులు, శాంపిళ్ల సేకరణ అనుకున్నదానికి రెట్టింపు సమయం తింటాయి.

## అవుట్‌బ్రేక్ మధ్యలో

అవుట్‌బ్రేక్ (ఒకచోట ఒక్కసారిగా మామూలు కంటే ఎక్కువ కేసులు) వచ్చిందని ఫోన్ వస్తే మొదట ఏం చేస్తారు?

అది నిజంగా అవుట్‌బ్రేకేనా అని చూస్తాం. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. వారం రోజుల్లో తొమ్మిది మంది రక్తం కల్చర్లలో ఒకే అరుదైన బ్యాక్టీరియా, బర్ఖోల్డేరియా. అందరూ ఐసీయూను ఖాళీ చేయించే ఆలోచనలో ఉన్నారు. రోగుల దగ్గరికి వెళితే ఆ తొమ్మిది మందిలో ఆరుగురికి జ్వరమే లేదు. ఒకాయన కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. రక్తం తీసే సిస్టర్ వెంట ఒక పూట తిరిగాను. ఆమె సీసా రబ్బరు మూతను ఒక యాంటీసెప్టిక్ ద్రావణంలో ముంచిన దూదితో తుడుస్తున్నారు. పెద్ద డబ్బాలోంచి చిన్న సీసాలోకి పోసుకున్న ద్రావణం అది, చిన్న సీసా ఎప్పుడూ పూర్తిగా ఖాళీ అవదు, మీద మీదే నింపుతారు. బ్యాక్టీరియా ఆ సీసాలో బతుకుతోంది, రోగుల రక్తంలో కాదు. సిస్టర్ మొహం పాలిపోయింది. ఆమె చేసింది తప్పు కాదని, వార్డులో అందరూ ఏళ్లుగా అలాగే చేస్తున్నారని రిపోర్టులో మొదటి పేరాలోనే రాశాను.

నిజమైన అవుట్‌బ్రేక్ అని తేలితే కేస్ డెఫినిషన్ రాసుకోవాలి: ఏ లక్షణాలు, ఏ తేదీల మధ్య, ఏ ప్రాంతంలో ఉంటే కేసుగా లెక్కించాలి అని. తర్వాత జబ్బు మొదలైన తేదీలతో గ్రాఫ్ గీస్తాం. ఆ గ్రాఫ్ ఆకారం చాలా చెబుతుంది. కలరా లక్షణాలు కొన్ని గంటల నుంచి ఐదు రోజుల్లోపు బయటపడతాయి, టైఫాయిడ్‌కు మామూలుగా ఒకటి రెండు వారాలు పడుతుంది. కాబట్టి ఎన్ని రోజులు వెనక్కి వెళ్లి తిన్నవీ తాగినవీ అడగాలన్నది జబ్బును బట్టి మారిపోతుంది.

తొందరపడి తప్పు కారణం చెప్పేస్తే ఏమవుతుంది?

జనం ప్రాణాలూ పోతాయి, సంబంధం లేనివాళ్ల బతుకుతెరువూ పోతుంది. 2011లో జర్మనీలో ఈ.కోలై ఓ104 రకం వ్యాపించి 50 మందికి పైగా చనిపోయారు. మొదట్లో స్పెయిన్ దోసకాయల మీద అనుమానం ప్రకటించారు. వాటిలో ఈ.కోలై దొరికిన మాట నిజమే, కానీ అది వేరే రకం. ఈలోపు రైతుల పంట కుళ్లిపోయింది. అసలు కారణం మెంతి మొలకలు.

అది బయటపడిన తీరు ప్రతి విద్యార్థీ చదవాలి. ఏం తిన్నారని అడిగితే రోగులు దోసకాయ, టమాటా గుర్తుపెట్టుకున్నారు. పైన చల్లిన నాలుగు మొలకలు ఎవరికి గుర్తుంటాయి? అందుకని పరిశోధకులు ఒక రెస్టారెంటులో భోంచేసిన బృందాలను తీసుకుని, వాళ్లు ఏ వంటకం తెప్పించుకున్నారో రాసుకుని, ఆ వంటకంలో ఏమేం వేశారో వంటవాళ్లను అడిగారు. తిన్నవాళ్ల జ్ఞాపకం మీద ఆధారపడే అవసరం అక్కడితో తగ్గింది. మొలకలు వడ్డించినవాళ్లలో జబ్బు ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది.

సీక్వెన్సింగ్ (బ్యాక్టీరియా జన్యుక్రమాన్ని చదివే పద్ధతి) వచ్చాక ఇంటింటికీ తిరిగి అడగడం ఇంకా అవసరమా?

అవసరమే. రెండు శాంపిళ్లలోని బ్యాక్టీరియా ఎంత దగ్గరి చుట్టాలో జన్యుక్రమం చెబుతుంది. ఎవరి నుంచి ఎవరికి, ఏ దారిలో వెళ్లిందో ఒక్కోసారి చెప్పలేదు.

హైతీలో శతాబ్దం పాటు కలరా నమోదు కాలేదు. 2010 అక్టోబరులో ఒక్కసారిగా విరుచుకుపడింది. ఫీల్డులో తిరిగినవాళ్లు మొదటి కేసులను వరుసగా పేర్చుకుంటూ ఆర్టిబొనైట్ నదికి ఎగువన, మిరెబాలె దగ్గర ఐక్యరాజ్యసమితి శాంతి సేనల క్యాంపు దాకా వెళ్లారు. అక్కడి సైనికులు నేపాల్ నుంచి వచ్చినవాళ్లు. మరుసటి ఏడాది జన్యుక్రమాలు పోల్చి చూస్తే హైతీ బ్యాక్టీరియా, నేపాల్‌లో సేకరించిన బ్యాక్టీరియా దాదాపు ఒక్కటే. జన్యుక్రమం ఒక్కటే ఉంటే అది నదిలోకి ఎక్కడ కలిసిందో తెలిసేది కాదు. ఫీల్డు లెక్క ఒక్కటే ఉంటే కాదని వాదించేవాళ్లు ఇంకా వాదిస్తూనే ఉండేవాళ్లు. 2016లో ఐక్యరాజ్యసమితి హైతీ ప్రజలకు క్షమాపణ చెప్పింది.

మనకే ఇన్ఫెక్షన్ అంటుకుంటుందేమోనని ఇంట్లో భయపడుతున్నారు. నిజంగా ప్రమాదమా?

ప్రమాదం ఉంది, నియమాలు పాటిస్తే చాలా తగ్గుతుంది. టైఫాయిడ్, మెనింజోకాకస్ (మెదడు పొరల వాపు తెచ్చే బ్యాక్టీరియా) లాంటివాటిపై పనిచేసేవాళ్లు టీకా వేయించుకోవాలి. ప్లేటు మూత తీసి వాసన చూసే పాత అలవాటును అస్సలు నేర్చుకోవద్దు. గ్లవుజులతో ఫోన్ ముట్టుకోవద్దు. జ్వరం వస్తే, మీరు ఏ బ్యాక్టీరియాతో పనిచేస్తున్నారో డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి.

ఏ జబ్బూ లేని మనిషిలో ప్రమాదకర బ్యాక్టీరియా దొరికితే ఏం చేయాలి?

ఈ ప్రశ్నకు జవాబు శాంపిల్ తీసుకునే ముందే సమ్మతి పత్రంలో ఉండాలి: ఫలితం చెబుతామా, ఎవరికి చెబుతాం, చికిత్స ఎవరు ఇస్తారు. దొరికాక ఆలోచించడం మొదలుపెడితే ఆ మనిషికి అన్యాయం చేసినట్టే.

న్యూయార్క్‌లో వంటపని చేసే మేరీ మాలన్‌ను 1907లో టైఫాయిడ్ క్యారియర్‌గా (తనకు జబ్బు లేకుండానే బ్యాక్టీరియాను మోస్తూ ఇతరులకు అంటించే మనిషిగా) గుర్తించారు. ఆమెకు ఒంట్లో ఏ నలతా లేదు, నమ్మలేదు. వదిలిపెట్టాక మళ్లీ వంటపనికే వెళ్లింది, మళ్లీ జనానికి జబ్బు వచ్చింది. మొత్తం 26 ఏళ్లకు దగ్గరగా ఒక దీవిలో నిర్బంధంలో గడిపి 1938లో అక్కడే చనిపోయింది. ఆమె వల్ల మనుషులు చనిపోయారన్నది నిజం. వంట తప్ప ఇంకో పనిలో ఆమెకు నిలకడైన బతుకు ఎవరూ చూపించలేదన్నదీ నిజం. క్యారియర్ల మీద ప్రోటోకాల్ రాసే ప్రతిసారీ ఈ రెండూ పక్కపక్కనే పెట్టుకుంటాను.

## పేపర్లు, నిధులు, తప్పులు

పని చేయడం ముఖ్యం కదా, పేపరు రాయడం అంత అవసరమా?

వియన్నా ప్రసూతి వార్డులో ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ 1847 మే నెలలో డాక్టర్ల చేత క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో 18.3 శాతం ఉన్న బాలింతల మరణాలు జూన్‌లో 2.2 శాతానికి పడిపోయాయి. ఇంతకంటే స్పష్టమైన ఫలితం ఎవరికి దొరుకుతుంది? కానీ ఆయన తన పుస్తకాన్ని 1861లో గానీ ప్రచురించలేదు. ఆ మధ్యలో ఎంతమంది తల్లులు వేరే ఆసుపత్రుల్లో చనిపోయి ఉంటారో ఆలోచించండి. మీ ఇంగ్లీషు బాలేదని, గ్రాఫులు అందంగా లేవని పేపరు ఆపకండి.

రెండేళ్లు పనిచేశాక ఏ తేడా కనబడలేదు. ఇదంతా వృథాయేనా?

ప్రశ్న ముందే స్పష్టంగా రాసుకుని, సరిపడా మందిని చేర్చుకుని చేసిన పని అయితే, తేడా లేదన్నదే మీ ఫలితం. దాన్ని అలాగే రాయండి. ఏదో ఒక చిన్న గుంపులో తేడా తేలేదాకా డేటాను ముక్కలు చేస్తూ పోవడం మాత్రం చేయొద్దు.

పేపరు పంపేశాక నా డేటాలో తప్పు దొరికింది. చెప్పాలా?

ఆ రోజే చెప్పాలి. నాకూ జరిగింది. రెండు చోట్ల నుంచి వచ్చిన ఫైళ్లను కలిపాను. ఒకచోట తేదీలో రోజు ముందు, ఇంకోచోట నెల ముందు. 03/04 అంటే ఏప్రిల్ 3 కావచ్చు, మార్చి 4 కావచ్చు. 12వ తేదీ దాటినవాటిని కంప్యూటర్ పట్టిచ్చింది, అంతకుముందువి మౌనంగా తారుమారయ్యాయి. ఒక పాప చేరిన తేదీ కంటే డిశ్చార్జ్ తేదీ ముందు ఉండటం చూశాక గానీ నాకు తట్టలేదు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. పొద్దున్నే గైడుకు చెప్పాను, పేపరు వెనక్కి తీసుకుని మూడు వారాలు మళ్లీ లెక్కలు చేశాం. అప్పటినుంచి ఏడాది, నెల, రోజు అన్న వరుసలో తప్ప ఇంకో రకంగా తేదీ రాయను, నా టీమ్‌లో ఎవరినీ రాయనివ్వను.

గ్రాంట్ రాకపోతే పరిస్థితి ఏంటి?

చాలాసార్లు రాదు. ఒకే ప్రాజెక్టు మీద జీతం ఆధారపడి ఉంటే, అది ముగియడానికి కనీసం ఏడాది ముందు తర్వాతి దరఖాస్తు మొదలుపెట్టండి. ఇంట్లోవాళ్లకు ఈ విషయం దాచకుండా చెప్పండి.

## ఏళ్లు గడిచాక

మరణాలు లెక్కపెట్టడం మనసుకు భారంగా ఉంది. అలవాటవుతుందా?

పూర్తిగా అలవాటు కాదు, కాకపోవడమే మంచిదని నా నమ్మకం. నవజాత శిశువుల సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీసే ప్రాణాంతక స్థితి) డేటాలో వయసు గడిలో సంవత్సరాలు ఉండవు, రోజులుంటాయి: 2, 5, 1. అలాంటి ఫైలు మీద పనిచేసే రోజుల్లో మధ్యాహ్నం లేచి నడుస్తాను, టీమ్‌లో ఎవరితోనైనా దాని గురించే మాట్లాడతాను. జూనియర్లను ఆ ఫైలు మీద ఒంటరిగా నెలల తరబడి కూర్చోబెట్టను. నిద్ర, తిండి దెబ్బతింటుంటే వైద్య సాయం తీసుకోండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

చేసిన పని ఫలితం బతికుండగా చూస్తామా?

కొందరు చూస్తారు. ఆఫ్రికాలో మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) తరచూ ప్రబలే ప్రాంతంలో 1996లో వచ్చిన మహమ్మారిలో రెండున్నర లక్షల మందికి జబ్బు చేసి, సుమారు 25,000 మంది చనిపోయారు. ప్రధాన కారణం మెనింజోకాకస్ 'ఏ' రకం. దానికోసమే తయారుచేసిన టీకాను 2010 చివర్లో బుర్కినా ఫాసో దేశమంతటా వేశారు. పరిశోధకులు టీకాకు ముందు, తర్వాత వేలమంది గొంతు శాంపిళ్లు తీసుకుని చూశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల గొంతుల్లోంచి కూడా ఆ రకం మాయమైంది. 2017 తర్వాత ఆ ప్రాంతంలో 'ఏ' రకం కేసు ఒక్కటీ నిర్ధారణ కాలేదు. వారం వారం పంపే నివేదికలో ఒక గడి సున్నాగా మారి, అలాగే ఉండిపోవడం చూసినవాళ్లు ఎంత అదృష్టవంతులో!

నేను వెళ్లిపోయాక నా ఫ్రీజరులోని శాంపిళ్లు ఏమవుతాయి? పారేయొచ్చా?

దయచేసి పారేయకండి. 1976లో ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సమావేశానికి వచ్చినవాళ్లకు అంతుపట్టని న్యుమోనియా సోకింది. కారణమైన బ్యాక్టీరియా, లెజియొనెల్లా, దొరకడానికి దాదాపు ఆరు నెలలు పట్టింది. దొరికాక పాత సీరం శాంపిళ్లు తీసి పరీక్షిస్తే, 1968లో పాంటియాక్‌లో కారణం తేలకుండా మిగిలిపోయిన జ్వరాలు కూడా దాని పనేనని బయటపడింది. అలాగే బ్యాక్టీరియాలజిస్టు ఎవరిట్ మర్రే 1917 నుంచి 1954 దాకా సేకరించి దాచిన బ్యాక్టీరియాను 1983లో వేరే పరిశోధకులు పరీక్షించి, మందు నిరోధకతను మోసుకెళ్లే ప్లాస్మిడ్‌లు (ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి వెళ్లగల చిన్న డీఎన్‌ఏ వలయాలు) యాంటీబయాటిక్స్ వాడకానికి ముందే ఉన్నాయని, వాటిలో నిరోధక జన్యువులు మాత్రం దాదాపు లేవని చూపించారు. ఆయన సేకరించడం మొదలుపెట్టేనాటికి ప్లాస్మిడ్ అన్న మాటే లేదు.

సమ్మతి పత్రం, ఎథిక్స్ అనుమతి ఎంతవరకు ఒప్పుకుంటాయో ముందు చూసుకోండి. ప్రతి గొట్టం మీద మైనస్ 80 డిగ్రీల్లో చెరగని లేబుల్ ఉండాలి. పెట్టె మ్యాపు ఒకటి ఫ్రీజరు తలుపు మీద, ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి ఇంకో బిల్డింగ్‌లో పెట్టండి. ఏ కోడ్ దేనికో మీ బుర్రలో మాత్రమే ఉంటే, అది రాసి ఇచ్చేదాకా రిటైర్ కావొద్దు.